ల్యూఖోలో లేని గీత

మా ఇంటి ఓనరమ్మ హెల్గా గారికి డెబ్బై తొమ్మిదేళ్లు. హానోవర్‌లో కింది వాటాలో ఆవిడ, పై వాటాలో నేను. ఎల్బే నది దగ్గరి పల్లెల్లో ఎప్పుడో మాయమైపోయిన ఒక స్లావిక్ భాష మీదే ఆవిడ జీవితమంతా పరిశోధన చేశారు. చివరి పుస్తకం సోమవారం అచ్చుకెళ్లాలి. అందులో పెద్ద అధ్యాయమొకటి ఆవిడ 'ఉ'తో చదివిన ఒకే మాట మీద నిలబడింది. ఆ మాటలో ఉన్నది 'ఉ'నా 'న'నా అని ఇప్పుడు ఆవిడకు అనుమానం పట్టుకుంది! పాత జర్మన్ చేతిరాతలో రెండూ ఒకేలా ఉంటాయట. 'ఉ' అయితే నెత్తిన చిన్న వంపు గీత ఉంటుందట. ఆ భాష మాటలూ వాక్యాలూ ఎవరో రాసిపెట్టుకున్న పాత నోటుబుక్కు అది; యాభై ఏళ్ల కిందట ఆవిడ చూసింది దాని మసకబారిన నకలు. అసలు నోటుబుక్కు ల్యూఖో దగ్గర ఊవే అనే రైతు ఇంట్లో ఉంది. ఆయన పంపిన ఫోటోలో సగం ఆయన బొటనవేలే.

ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు, కరోనా వ్యాక్సిన్‌కు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఇంకా దొరకలేదు. "నువ్వెళ్లి చూసి రా ప్రసాద్" అన్నారు. నాకా భాష ఒక్క ముక్క రాదు మొర్రో అన్నాను. "కళ్లుంటే చాలు."

శనివారం 8:40 బండెక్కాను. రాష్ట్రమంతా చెల్లే ఒకరోజు టికెట్ తీసుకుంటే బస్సుకూ పనికొస్తుంది. మాస్కు దించి డబ్బా తెరిచానో లేదో, అవతలి వరసలోంచి ఒకమ్మాయి "అన్నా, పులిహోరనా?" అంది. కరీంనగర్ పిల్ల, మాస్టర్స్ చదువుతోంది. సగం పెట్టి సంగతి చెప్పాను.

"ఒక్క గీత కోసమా! నా థీసిస్‌కు గూడ నేను గింత గోస పడలే."

యూల్ట్‌సెన్‌లో దిగి బస్సు పట్టుకుని, పదకొండున్నరకు ల్యూఖో చేరాను. ఊవే గారు నా టెస్టు కాగితం చూసి, కిటికీలన్నీ తెరిచి, నోటుబుక్కు బల్ల మీద పెట్టి దూరంగా నిలబడ్డారు. భూతద్దం పెట్టి చూశాను. చుట్టూ ఉన్న 'ఉ'లన్నిటికీ గీత ఉంది. మన మాటకు లేదు. అంటే అది 'న', ఆవిడ అధ్యాయం కూలినట్టే. ఉందని చెప్పేస్తే పోలేదా అనిపించింది, సిగ్గు లేకుండా.

ఫోన్ చేశాను. "లేదండీ."

"గీత చెరిగిపోయిందేమో, సరిగ్గా చూడు."

"చూశాను. అక్కడ గీకిన జాడ కూడా లేదు."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. ఊవే గారిచ్చిన కాఫీ కూడా సయించలేదు. మూడుంబావు బస్సులో, తర్వాత బండిలో, అనవసరంగా వచ్చానని నన్ను నేనే తిట్టుకున్నాను.

త్సెల్లె స్టేషన్ దాటాక ఫోన్ మోగింది.

"ప్రసాద్, 'న' పెట్టి చదివితే, నాకెన్నడూ కొరుకుడు పడని మూడు వాక్యాలకు అర్థం వచ్చేసింది! అచ్చు ఆపమన్నాను. మళ్లీ రాయాలి, ఏడాది పడుతుంది. ఈ ఏడాది నేను చావడానికి వీల్లేదయ్యా!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కరోనా మొదలయ్యాక, రాబోయే రోజుల గురించి ఆవిడ మాట్లాడగా వినడం అదే మొదటిసారి.