అంచు కాలిన కార్డు

వల నీళ్లలో తేలడానికి కట్టే చెక్క బెండ్లకు బెజ్జం వేయాలంటే జాలర్లు సన్నటి ఇనుప చువ్వను నిప్పుల్లో కాల్చి గుచ్చుతారు. ఆ చువ్వతో కాగితాల మీద పూలూ లతలూ కాల్చిన మనిషి ఆ తీరంలో నేను తప్ప ఇంకొకరు ఉండి ఉండరు. ఇది గొప్పకు చెప్పడం లేదు. బడి వదిలాక మాట్లాడే మనిషి లేకపోతే ఎవరైనా ఏదో ఒక పిచ్చిపని పెట్టుకుంటారు. నాది ఇది.

అరవైల మొదట్లో మాట. మైపాడుకు ఇవతల ఒక పల్లెలో మిషన్ బడి పంతులమ్మను నేను. నాకు ముందు మా నాయన అదే బడిలో పంతులు. ఆయన పోయాక ఉద్యోగమూ, బడి వెనక ఒంటిగది ఇల్లూ, ఆయన కూర్చునే కుర్చీ నాకు వచ్చాయి. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇక నాకున్నది అక్క. అక్క హిందువుల అబ్బాయిని పెళ్లి చేసుకుని చిట్టమూరు అవతల ఒక పల్లెకు కాపురం వెళ్లిపోయింది. నాయన ఆమె పేరు ఎత్తనిచ్చేవాడు కాదు.

నాయన పోయిన రోజు నేను అక్కకు కబురు పెట్టలేదు. ఆయనే వద్దన్నాడని అందరికీ చెప్పాను. అది అబద్ధం. చివరి రెండు రోజులు ఆయనకు మాటే లేదు. వద్దనుకున్నది నేను. రెండేళ్లు మంచాన పడ్డ మనిషికి ఒక్కదాన్నే చాకిరీ చేశాను, ఏడవడానికి మాత్రం ఆమె దిగాలా అని నా కోపం. పది రోజులకు ఎవరి నోటనో విని అక్క కార్డు రాసింది. "నాయన పోతే ఒక కార్డు ముక్కకు కూడా నోచుకోలేదా నేను?" అంతే ఉంది అందులో. జవాబు రాయలేదు నేను. అలా నాలుగేళ్లు గడిచాయి.

నిజానికి నా కోపం రెండో ఏటికే చల్లారిపోయింది. మిగిలిన రెండేళ్లూ ఉన్నది వట్టి బింకం. సాయంత్రాలు సముద్రం హోరు వింటూ కుర్చీలో కూర్చునేదాన్ని. ఆ హోరు బాగుంటుందని పట్నం వాళ్లు అంటారు. రోజూ ఒంటరిగా విని చూడమనండి.

నెల్లూరు నుంచి దొరసాని ఒకావిడ ఏటా ఒక అట్టపెట్టె నిండా పాత క్రిస్మస్ కార్డులు పంపేది, పిల్లలకు బహుమతులుగా ఇమ్మని. చిరిగినవీ మరకలు పడినవీ నేను ఉంచుకుని, బొమ్మలు కత్తిరించి పాత హాజరుపట్టీల్లో అంటించేదాన్ని. మంచు కురిసే ఊళ్లు, గుర్రపు బళ్లు, ఎర్ర రొమ్ము పిట్టలు. ఏ బొమ్మ పక్కన ఏది పెట్టాలా అని గంటలు గంటలు ఆలోచించేదాన్ని. అడిగేవాళ్లు ఎవరున్నారు?

ఆ పెట్టెలో ఒకసారి అంచులన్నీ గోధుమరంగుకు కాలిన కార్డు వచ్చింది. ఎవరో కావాలనే కాల్చారు, పాతకాలపు పత్రంలా కనబడాలని. నా కళ్లు దాని మీద పడ్డాయి. అగ్గిపుల్లతో ప్రయత్నిస్తే కార్డు మొత్తం అంటుకుని వేలు కాలింది. పక్కింటి పెద్దాయన అది చూసి నవ్వి, బెండ్లకు బెజ్జాలు వేసే చువ్వ తెచ్చి ఇచ్చాడు. సముద్రం మీదకు పోవడం మానేసి ఇంటి దగ్గర వలలు బాగు చేసుకునే మనిషి ఆయన.

చువ్వ చేతికి వచ్చాక నాకు రోజులు కాస్త తొందరగా గడిచాయి. కుంపట్లో సరుగుడు బొగ్గులు రాజేసి చువ్వ కొన అందులో పెట్టేదాన్ని. ఎర్రగా ఉన్నప్పుడు కాగితానికి ఆనిస్తే తూటు పడుతుంది. ఎరుపు పోయి నలుపు తిరిగాక, మనసులో పది లెక్కపెట్టి అంచు వెంబడి ఏటవాలుగా నడిపిస్తే దోశ అంచులా కమ్మగా మాడుతుంది. మా ఊరి గాలికి కాగితం ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, ముందు కుంపటి పక్కన ఆరబెట్టకపోతే పొగే తప్ప రంగు రాదు. చుక్క చుక్కగా తూట్లు వేస్తే జల్లెడలాంటి అల్లిక వచ్చేది. పలచటి కాగితం మీద కొవ్వొత్తి రుద్ది, వెచ్చటి చువ్వ పైపైన పోనిస్తే మైనం కరిగి కాగితం వెలుతురును లోపలికి రానిచ్చేది. చర్చిలో వేలాడదీసే నక్షత్రానికి కిటికీలు అలాగే చేశాను. దళసరి అట్ట మీద కొనతో అక్షరాలు కూడా రాయగలిగేదాన్ని. వంకర టింకరగా వచ్చేవి కానీ చెరిగేవి కావు.

చెరగని అక్షరాలు రాయడం వచ్చాక, ఇక రాయాల్సిన మాట ఒకటే మిగిలింది.

డిసెంబరు మొదటి వారమంతా ఆ కార్డు మీద కూర్చున్నాను. పైన చుక్కలతో ఇద్దరు ఆడపిల్లల్ని చేశాను, ఒకే గొడుగు కింద నడుస్తున్నట్టు. కార్డును కిటికీకి ఎదురుగా పట్టుకుంటే చుక్కల్లోంచి వెలుగు వచ్చి ఇద్దరూ కనిపిస్తారు. వానాకాలం బడికి మేమిద్దరం అలాగే వెళ్లేవాళ్లం, గొడుగు ఎప్పుడూ అక్క చేతిలోనే. లోపల చువ్వతో కాల్చి రాశాను: "అక్కా, తప్పు నాదే." చుట్టూ నాలుగు అంచులూ కాల్చాను. ముచ్చట తీరక కవరు అంచులు కూడా కాల్చాను.

పెద్దాయన అరుగు మీద నుంచి చూశాడు. "ఏంది పంతులమ్మా, కవరు కూడా కాల్చినావే? కాలిన కాయితం ఇంటికి పంపకూడదమ్మా. మంచిది కాదు."

ఎందుకు మంచిది కాదని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. నాకేమో అప్పటికే ముక్కు మీద కోపం. "అవన్నీ మీ నమ్మకాలు తాతా. మాకు లేవు" అని కసిరి కవరు పట్టుకుని పోస్టుకు నడిచాను. ఆ కవరు వెళ్లే ఇల్లు ఎవరిదో, ఆ ఇంట్లో ఏ నమ్మకాలు ఉంటాయో నాకు తట్టనే లేదు.

తర్వాత జవాబు కోసం ఎదురుచూడడం. పోస్టుమాన్ సైకిలు చప్పుడు వినబడితే పాఠం మధ్యలో ఆపేసేదాన్ని. వారం దాటింది, పది రోజులు దాటాయి. అక్క క్షమించదు అనుకున్నాను. క్షమించాల్సిన అవసరం ఏముందని కూడా అనుకున్నాను, అది బింకం మాట.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు పిల్లలతో నక్షత్రం కడుతున్నాను. చేతిలో చువ్వ ఉంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తాను. అక్క. చిక్కిపోయింది. చేతిలో అరటాకులో చుట్టిన చేమంతులు. నన్ను చూసి గోడ పట్టుకుంది.

"నువ్వు చచ్చిపోలా?" అంది.

"నేను చావడమేంది?"

"నీ సమాధి యాడుందో అడగను వొచ్చినా."

పిల్లల్ని బయటికి పంపేశాను. అక్క నేల మీద కూలబడి చెప్పింది. వాళ్ల ఊళ్లో చావు కబురు మోసే ఉత్తరానికి అంచున నలుపు పూసి పంపుతారు. దాన్ని గడప దాటనివ్వరు, బయటే చూసి చింపేసి తలకు పోసుకుంటారు. పోస్టుమాన్ నా కవరు ఇచ్చినప్పుడు ఇంట్లో వాళ్ల అత్తగారు ఒక్కతే ఉంది. ఆవిడకు చదువు రాదు. అంచులు చూసింది, ఎక్కడిదని అడిగింది, మైపాడు ముద్ర ఉందని అతను చెప్పాడు. అక్కడికక్కడే ముక్కలు చేసి కాలవలో వేసింది.

"బట్టలుతికి ఇంటికొస్తే మీవాళ్లెవురో పోయినారంట, తలకు పోసుకోమనింది మా అత్త. ఈ పక్క నాకుండేది నువ్వొక్కదానివే గదా. పోసుకున్నా. మూడు దినాలు అన్నం దిగలా." అని నా చేతిలో చువ్వ చూసింది. "దీంతోనా చేసినావు?"

తల ఊపాను. చువ్వ లాక్కుని మూలకు విసిరికొట్టింది. "నాయన పోతే కార్డు ముక్క రాయకపోతివి. ఎవురూ చావనప్పుడు మాత్రం రాస్తివా!" అంది. ఆ తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. నాలుగేళ్లలో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమె. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

తెచ్చిన పూలు ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. సరుగుడు తోట పక్కన ఉన్న నాయన సమాధి దగ్గరికి తీసుకెళ్లాను. అక్క అదే మొదటిసారి చూడడం. నా కోసం తెచ్చిన చేమంతులు ఆయన మీద పెట్టింది. ఇసుక తుడిచి పేరు చదివింది. చాలాసేపు లేవలేదు. నేను కాస్త దూరంగా నిలబడ్డాను, అక్కడికి ఆమెను నాలుగేళ్లు ఆలస్యంగా తెచ్చిందాన్ని నేనే కాబట్టి.

ఇంటికి వచ్చి అన్నం పెట్టాను. తింటూ తింటూ అడిగింది. "ఇంతకీ అందులో ఏం రాసినావు?"

ఆమె చదవలేదు. ఎవరూ చదవలేదు. వారం రోజులు కాల్చి రాసిన రెండు మాటలు కాలవలో కలిసిపోయాయి. ఇప్పుడు నోటితో చెప్పాలి. ఎదురుగా కూర్చుని అడుగుతోంది, గదిలో మేమిద్దరమే ఉన్నాం. అంతకంటే మంచి సమయం మళ్లీ వస్తుందా?

"ఏముంది, పండగ శుభాకాంక్షలు రాసినా" అన్నాను.

అక్క ముద్ద కలపడం ఆపింది. "అంతేనా?"

"అంతే."

సాయంత్రం బస్సుకు నడిచాం. మళ్లీ ఎప్పుడొస్తావని నేను అడిగితే బస్సు వచ్చే వైపు చూస్తూ అంది. "నువ్వు పోయినావని కోపమంతా మింగి వొచ్చినా. నువ్వేమో ఉండావు. కోపం కూడా ఉండాది." బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు.

మరుసటి డిసెంబరులో మళ్లీ కార్డు చేశాను. అదే గొడుగు, అదే ఇద్దరు పిల్లలు, లోపల అదే మాట. ఈసారి వాళ్ల అత్తగారు చింపకుండా ఉండాలని నాలుగు మూలలా పసుపు రాశాను. పెద్దాయన్ను అడిగి మరీ రాశాను. కవరు మూయబోతూ ఆగాను. కుంపట్లో చువ్వ ఇంకా వేడిగానే ఉంది. ఒక్క అంచు, ఒక్కటంటే ఒక్కటి కాలిస్తే చాలు, అక్క వస్తుంది. ఏడుస్తుంది, పట్టుకుంటుంది, ఒక పూట ఉంటుంది. చువ్వ చేతిలోకి తీసుకున్నాను కూడా. కవరు దగ్గరికి తెచ్చేసరికి కాగితం వేడెక్కిన వాసన వచ్చింది.

చువ్వను నీళ్ల చెంబులో ముంచేశాను. పసుపు కవరు అలాగే పోస్టు చేసి, చువ్వ పెద్దాయనకు తిరిగి ఇచ్చేశాను. ఈసారి అక్క చదివే ఉంటుంది. జవాబు రాలేదు.