నా దీక్ష రోజున నేను తిన్న రొయ్యలు

ఇప్పుడంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఫోనులో ఒక వీడియో పూర్తయ్యేలోపే ఎల్‌బీ నగర్ వచ్చేస్తుంది గానీ, ఉద్యమం నడిచిన రోజుల్లో ఆ కాస్త దూరానికే ఒక్కోసారి పూటంతా పట్టేది. బంద్ ఉందో లేదో కనుక్కున్నాకే స్నానానికి లేచేవాళ్లం. బస్సు దొరికితే రాస్తారోకో, అది దాటితే ర్యాలీ. ఎవరూ విసుక్కునేవారు కాదని అబద్ధం చెప్పను. విసుక్కునేవారు, విసుక్కుంటూనే బస్సు దిగి ర్యాలీలో నడిచేవారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెల్‌ఫోన్ల షాపులో సేల్స్‌మన్‌ని. పొద్దస్తమానం మాటలమ్ముకునేవాణ్ణి కనుక, మాటకు విలువ కూడా ఉంటుందని నాకు పెద్దగా తట్టేది కాదు.

ఎల్‌బీ నగర్‌లో ముగ్గురం ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నేనూ, మా నల్గొండవైపు నుంచే వచ్చి క్యాబ్ నడిపే ఒకడూ (ఎంత తిన్నా ఒళ్లు చేయడు కనుక బక్కోడు), విజయవాడ నుంచి వచ్చి కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇంకొకడూ. వాణ్ణి బెజవాడ అనే పిలిచేవాళ్లం. వాడి అసలు పేరు కిరాయి కాగితం మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. రాష్ట్రం మాటెత్తితే పొద్దున్నే వాడికీ మాకూ గొడవ, మధ్యాహ్నానికి వాళ్లమ్మ పంపిన గోంగూర పచ్చడి దగ్గర సంధి (కూర వండని రోజుల్లో సంధి ఇంకా త్వరగా కుదిరేది). అలాంటి ఒక సంధి సమయంలోనే, బ్యాంకాక్‌కు విమానం టికెట్లు చవగ్గా ఉన్నాయని వాడు కనిపెట్టాడు. మూడు నెలల తర్వాత ఒక శుక్రవారం వెళ్లి సోమవారం రావడం. ముగ్గురికీ అదే మొదటి విమానం. కొనేశాం. ఆ తర్వాత నేను ప్రయాణాన్ని రోజూ తలుచుకున్నాను గానీ తారీఖును శుభ్రంగా మర్చిపోయాను.

ఈలోగా చౌరస్తా దగ్గర మా కాలనీవాళ్లు రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. రోజుకు పదిమంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా, మెడలో బంతిపూల దండలతో కూర్చునేవారు. సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం తాగించేవాడు. మర్నాడు ఇంకో పదిమంది. ఆ రిజిస్టరు రాసేది రిటైరైన ఒక లెక్కల సారు. ఒకనాటి సభలో నాకు ఊపొచ్చి మైకు అందుకుని, వచ్చే శనివారం నేను కూర్చుంటానని ప్రకటించాను. చప్పట్లు పడ్డాయి. ఆ సంతోషం పట్టలేక మా మేనమామకు కూడా ఫోన్ చేసి చెప్పుకున్నాను. తీరా గదికొచ్చేసరికి బెజవాడ క్యాలెండర్ ముందు నిలబడి నవ్వుతున్నాడు. ఆ శనివారం మేం ఉండేది బ్యాంకాక్‌లో.

ఉన్నమాట చెప్పి రోజు మార్పించుకుంటే పోయేది. సారు ఏమీ అనేవారు కాదు. కానీ రోడ్డు మీద అంత ఉద్యమం నడుస్తుంటే షాపింగ్ చేయడానికి విదేశం పోతున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మనవైపు ఎవరూ ఎదురు ప్రశ్న వేయని కారణం ఒక్కటే: ఊళ్లో దినాలున్నాయనడం. అదే చెప్పాను. ఎవరు పోయారని సారు అడిగారు. అంతదూరం ఆలోచించి పోలేదు నేను. మా మేనమామ అనేశాను.

నాకున్నది ఒక్కడే మేనమామ. పోచంపల్లి దగ్గర మగ్గం నేసి, నేత గిట్టుబాటు కాక బాటసింగారం వచ్చి, చీరల మూటలు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు వేసేవాడు. మా నాయన పోయాక నన్ను పట్నం తెచ్చి ఆ సెల్‌ఫోన్ల షాపులో పెట్టించింది ఆయనే. అంతటివాణ్ణి ఒక్క ముక్కలో చంపేశాను. సారు భుజం మీద చెయ్యేసి ఓదారుస్తుంటే కళ్లు కూడా తుడుచుకున్నాను (ఆ అవసరం లేదు. బిల్లు కట్టాక కూడా ఇంకో మాట ఎక్కువ చెప్పడం సేల్స్‌మన్ జబ్బు).

బ్యాంకాక్ బాగుంది. కాదంటే పాపం. బజార్లో అమ్మేవాళ్లు క్యాలిక్యులేటర్ మీద ధర నొక్కి చూపిస్తే, మేము అందులో సగం నొక్కి, కోఠిలో లాగే నాలుగడుగులు వేసి వెనక్కి పిలుస్తారని ఎదురుచూశాం. పిలవలేదు. మేమే సిగ్గులేకుండా వెనక్కి వెళ్లాం. అలా ఏనుగుల బొమ్మల అంగీ ఒకటి కొన్నాను. బక్కోడు రంగు కాగితంలో చుట్టిన మామిడి ఒరుగులు రెండు కిలోలు కొన్నాడు. మా గదికి కూతవేటు దూరంలో కొత్తపేట మామిడి మార్కెట్టుందని వాడికి డబ్బులిచ్చాక గానీ గుర్తు రాలేదు. శనివారం మధ్యాహ్నం నది ఒడ్డున కూర్చుని అరచేయంత రొయ్యలు తెప్పించుకున్నాం. నేను నాలుగోది ఒలుస్తుంటే బెజవాడ ప్లేటు తన వైపు లాక్కున్నాడు. "నువ్వివాళ దీక్షలో ఉన్నావు కదరా, ఇటివ్వు" అన్నాడు. పడీపడీ నవ్వాం. కాసేపాగి వాడే, "మీ ఉద్యమం నాకు నచ్చదు, అది వేరే సంగతి. కానీ మాటిచ్చి రావడం మాత్రం బాలేదురా" అన్నాడు. అది కూడా వెటకారమే అనుకుని ఐదో రొయ్య అందుకున్నాను.

సోమవారం పొద్దున గదికి వచ్చేసరికి, చచ్చిపోయిన మా మామ చీరల మూట పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నా ఒంటి మీద ఏనుగుల అంగీ, చేతిలో విమానం చీటీ వేలాడుతున్న పెట్టె. మిగతా ఇద్దరూ వంగి నమస్కారం పెట్టి లోపలికి జారుకున్నారు. మామ నన్ను కిందికీ పైకీ చూసి, "మంచిగ తిన్నవా?" అని అడిగాడు. ఆ ముఖంలో కోపం కోసం చాలాసేపు వెతికాను. ఉంటే బాగుండేది.

జరిగింది ఆయనే చెప్పాడు. మేనల్లుడు దీక్షలో కూర్చుంటున్నాడని తన చేతులతో నేసిన కండువా పట్టుకుని, నా మెడలో తనే వేద్దామని శనివారం పొద్దున్నే బస్సు దిగాడట. ఫలానావాడి మేనమామనని చెప్పగానే సారు కంగారుపడి, మేనమామ దినాలకే కదా వాడు ఊరికి పోయిందని అన్నారట. ఎవరైనా అక్కడే నా బండారం బయటపెట్టేవారు. మామ మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, పోయింది మా తమ్ముడు సారు, అన్నాడట. ఆయనకు తమ్ముళ్లు లేరు. ఆ పుట్టని తమ్ముడి కోసం టెంటులోని వాళ్లంతా లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. మామ కూడా తలవంచుకుని నిలబడ్డాడు.

తర్వాత ఎవరో రిజిస్టరులో నా పేరు కొట్టేయబోతే మామ చెయ్యి అడ్డం పెట్టి, నా బదులు తనే కూర్చున్నాడు. షుగర్ మనిషి, వేళ తప్పితే చేతులు వణుకుతాయి. సాయంత్రం దాకా మంచినీళ్లతో ఉన్నాడు. "నన్ను సంపితె సంపినవ్, నాకేం కాలే. గాడ నీ పేరు సదివి లేడంటే నా తలకాయ కిందికయ్యింది. గందుకే కూసున్న" అన్నాడు. కండువా నా చేతిలో పెట్టి, మూట భుజానికెత్తుకుని బస్సు స్టాపు వైపు వెళ్లాడు.

ఆ మర్నాడే సారు దగ్గరికి పోయి మళ్లీ నా పేరు రాయమన్నాను. రాశారు గానీ, ఆయన నా తల నిమిరి మీ మామ గొప్పోడయ్యా అంటే, నిజం చెప్పడానికి అప్పుడూ ధైర్యం చాలలేదు. నా వంతు వచ్చేలోపు ఉద్యమం ఇంకో దారి పట్టింది, టెంటు ఎత్తేశారు. ఆ గుడ్డ నీడన నేను ఒక్కపూట కూడా కూర్చోలేదు.

రాష్ట్రం వచ్చాక కాలనీలో దీక్షాపరులకు సన్మానం పెట్టారు. సారు అప్పటికి కాలం చేశారు. కొత్తగా వచ్చిన సెక్రటరీ రిజిస్టరు తెరిచి నా పేరు పిలిచాడు. శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమని మైకిచ్చాడు. మామ మూడో వరసలో కూర్చుని చూస్తున్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదని నాకు తెలుసు. "ఏదో నా వంతు నేను కూర్చున్నా" అన్నాను. అందరితోపాటు మామ కూడా చప్పట్లు కొట్టాడు. దిగివచ్చి శాలువా ఆయనకు కప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "పేరు నీదే గదరా. ఉంచుకో" అన్నాడు.

ఏనుగుల అంగీ వేసుకుని రొయ్యలు తిన్న ఆ బ్యాంకాక్ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆకలి మీదున్నాడు, లోకం తెలియదు, పోనీలే అనిపిస్తుంది. మైకు ముందు శాలువాతో నిలబడినవాణ్ణి మాత్రం అంత సులువుగా వదిలేయలేకపోతున్నాను. వాడికప్పటికి పెళ్లయింది, ఒక కూతురు కూడా పుట్టింది.