ఆఖరి వరుసలో అక్క

నిరుడు నాకు పోయినవి మూడు: రెండెకరాల అల్లం, ఒక పాడి గేదె, మా అక్క.

అక్క పోవడానికి ఎనిమిది రోజుల ముందు జహీరాబాద్ బస్టాండులో కూర్చుని ఫోన్‌లో పనుల జాబితా సర్దుతున్నాను. ఏ పని ఆలస్యమైతే ఎంత నష్టమో లెక్కగట్టి, ఎక్కువ నష్టమున్నదాన్ని పైకి జరపడం నా పద్ధతి. పక్కనున్న పెద్దామె తొంగిచూసింది.

“ఆఖర్ల ఏమున్నది బిడ్డా?”

“మొగుడంపల్లి పోయి అక్కను చూసుడమ్మా. పాణం బాగలేదట. లేటైతే నష్టం సున్నా.”

“సున్నానా! మీ అక్కనడిగి రాసినవా?” అని నవ్వింది. “గదిగో, మొగుడంపల్లి బస్సు. జర ఎక్కరాదూ!”

నేనూ నవ్వి, ఒకటో నంబరు పనికి పోయాను.

జాబితాలో మొత్తం పన్నెండు పనులు. పదకొండింటికి టిక్కు పడింది. నేటికీ బాకీ ఒకటి.