చరణం లేని పాటలు

మా సంగీతం సారుది ఎల్లారెడ్డి. రోజూ బస్సెక్కి కామారెడ్డి వచ్చి, ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పేవారు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అప్పుడప్పుడు వస్తూనే, "ఇయ్యాల బస్సుల ఒకటి తట్టింది బిడ్డా, ఇను" అని కొత్త పల్లవి, అనుపల్లవి పాడి వినిపించేవారు. అంతలో అమ్మ చాయ్ తెచ్చేది, మా సరళీ వరసలు మొదలయ్యేవి. మిగతా పాట సారు ఇంట్లో భద్రంగా ఉంటుందిలే అనుకునేదాన్ని.

పోయిన ఏడాది కామారెడ్డిలో ఒక రైస్ మిల్లు యజమాని తను కట్టిన కృతులతో కచేరీ పెట్టించాడు. పాడమని నన్ను పిలిచాడు. వడ్లు పట్టే ఆయనకు సంగీతమేమిటని లోపల నవ్వుకుంటూనే వెళ్ళాను. తీరా వింటే పాటలు నిజంగా బాగున్నాయి. ఆయన ఇంట్లో మేడ మీద గదిలో వయొలిన్, మృదంగం వాయించేవాళ్ళు నెల జీతానికి ఉన్నారు. పొద్దున ఆయన ఒక ముక్క పాడితే, తనకు నచ్చేదాకా వాళ్ళు దాన్నే వాయిస్తూ కూర్చుంటారు. మిల్లు కొడుకులు చూసుకుంటారు.

మా సారు పాటలు ఇంతకన్నా తక్కువా అని నాకు పంతం వచ్చింది. మా సారు పాట ఒకటి ఉంటేనే పాడతానన్నాను. మిల్లు ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ వారమే ఎల్లారెడ్డి వెళ్ళి, అప్పట్లో మా ఇంట్లో వినిపించిన కానడ రాగం పాట మొత్తం ఇవ్వమని సారును అడిగాను.

"మొత్తమంటే గంతే బిడ్డా. చరణం లేదు."

"పోనీ ఇంకోటి ఇయ్యుండ్రి సార్."

"దేనికీ లేదు. పల్లవి కుదిరేసరికి బస్సు దిగాల్సిన జాగ అస్తది. మల్ల ఎక్కేసరికి మనసుల కెల్లి పోతది."

చరణం లేనిది కృతే కాదు. కట్టినవాళ్ళు తమ పేరు పెట్టుకునేది అక్కడే, దాన్నే ముద్ర అంటాం. అంటే ఇంత విద్వత్తు ఉన్న మా సారు పేరుతో ఈ భూమ్మీద ఒక్క పాట కూడా లేదు.

నలుగురూ వాయిస్తుంటే అయినా తడుతుందేమోనని రిహార్సల్‌కు సారును వెంటబెట్టుకెళ్ళాను. చాలాసేపు కూర్చున్నారు గానీ చరణానికి ఒక్క ముక్కా తట్టలేదు. మిల్లు ఆయన కళ్ళు మూసుకుని విని, "మీరేమనుకోకుంటె చరణం నేను కడ్త గురువుగారు. పేరు మాత్రం మీదే పెడ్త" అన్నాడు. మా సారు కస్సుమంటారనుకున్నాను.

"కట్టుండ్రి. నేను కట్టనిదాంట్ల నా పేరెందుకు? మీదే పెట్టుండ్రి" అన్నారు.

ఆపడానికి నేనెవరిని?

కచేరీ రోజు ఫంక్షన్ హాలు నిండింది. కానడ పాట చివర మిల్లు ఆయన పేరు నా నోటితోనే పలికాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. సారు ముందు వరసలో తాళం వేస్తూనే ఉన్నారు.

భోజనాల దగ్గర ఇక పట్టలేక, "గట్లెట్ల ఒప్పుకున్నరు సార్?" అని అడిగేశాను.

"చరణం మంచిగ కట్టిండు బిడ్డా" అన్నారు. అన్నం కలుపుకున్నారు. తర్వాత తలెత్తకుండానే, "ఒక్క ఏడాది నన్ను ఇంట్ల కూసోనిస్తె, నేను గూడ గట్లనే కడుతుంటి" అన్నారు.

మా సారు గొంతులో కోపం వినడం నాకు అదే మొదటిసారి.