రేడియేటర్లో ఆకుపచ్చ నీళ్లు

మా బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. మంగినపూడి వైపు నుంచి వీచే ఆ గాలి తలుపు గొళ్లాన్ని, కిటికీ ఊచను, సైకిలు గొలుసును పక్షపాతం లేకుండా ఒకే తీరున తింటుంది. అటువంటి ఊరిలో పాత తరం బీఎండబ్ల్యూ కారును తుప్పు పట్టనివ్వకుండా కాపాడుకోవాలనుకోవడం అవివేకమని మా వీధిలో పలువురు నాతో అన్నారు. నేను వారితో వాదించలేదు. ఆదివారం ఉదయం ముందు చక్రాలను రెండు వాలు దిమ్మెల మీదికి ఎక్కించి, అడుగు రేకులను మునిసిపల్ కుళాయి నీటితో కడుగుతాను. పూర్తిగా ఆరిన తరువాత మైనం పట్టిస్తాను. వాడిన పానా ఏ మేకుకు చెందుతుందో ఆ మేకుకే తిరిగి తగిలిస్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు లెక్కల పాఠం ఏ క్రమంలో చెప్పానో, ఈ పనినీ అదే క్రమంలో చేస్తున్నాను.

ఈ కారు ఇంజనును చూసినప్పుడల్లా నాకు గౌరవభావం కలుగుతుంది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. ఒకదాని కుదుపును మరొకటి రద్దు చేస్తుంది. సమీకరణానికి రెండు వైపులా ఉన్న ఒకే పదాన్ని కొట్టివేసినట్టు చివరికి ఏ కుదుపూ మిగలదు. మిగిలేది ఒక మృదువైన ధ్వని మాత్రమే. ఎవరో నిష్ఠాపరుడు గణితాన్ని ఇనుములోకీ అల్యూమినియంలోకీ దింపాడని ఆ ధ్వని వింటే నమ్మకం కుదురుతుంది.

నాకు ఈ అభిరుచిని అంటించినది నా సహాధ్యాపకురాలు. మేమిద్దరం ఒకే మహిళా కళాశాలలో పనిచేశాము; ఆమె భౌతికశాస్త్రం చెప్పేది. వయసులో నాకంటే చిన్నది, స్వభావంలో నాకంటే మెత్తనిది. పదవీ విరమణ చేసి గుడివాడలో స్థిరపడింది. ఆమె పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దాటి పాలకాయతిప్పకు వెళ్లే దారిలోని పల్లెలో ఉంది. క్రైస్తవ కుటుంబం. అక్కడ ఆమె అన్నగారు రొయ్యల చెరువులు చేస్తున్నారు. విజయవాడలో ఒక వైద్యుడు అమ్ముతున్న తెల్లటి కారును ముందు ఆమె కొన్నది. అందులో ఒకసారి పామర్రు వరకు వెళ్లివచ్చాక నేను అదే నమూనా కారును, ముదురు నీలం రంగుది, వెతికించుకున్నాను.

మేము ఆ కార్లకు చేసిన మార్పులు చూసి యువకులు నవ్వుతారు. వారు కార్లను నేలకు దించుతారు. మేము పైకి లేపాము. కోతలప్పుడు మా ప్రాంతపు రోడ్ల మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోస్తారు, మిగిలిన సగంలో గడ్డి ట్రాక్టర్లు నడుస్తాయి. వాటి మధ్య కారు పొట్ట నేలకు రాయకూడదంటే స్ప్రింగులు ఎత్తుగా ఉండవలసిందే. ఇంజను కింద ఉక్కు పలక బిగించాము. మరొక మార్పు ఆమె ఆలోచన. ఈ కారులో వేడిని చూపే ముల్లు మర్యాదస్థురాలు. కొద్దిపాటి హెచ్చుతగ్గులకు చలించక నడిమధ్యనే నిలబడుతుంది. కదిలిందంటే అప్పటికే ప్రమాదం వచ్చి ఉంటుంది. అందుకని అసలు ఉష్ణోగ్రతను అంకెల్లో చూపే చిన్న మీటరును ఆమె తన కారులో అమర్చుకుంది, నా కారులోనూ అమర్చింది.

ఆ మీటరే ముందుగా హెచ్చరించింది. వర్షాకాలం నుంచి ఆమె కారు అప్పుడప్పుడు వేడెక్కసాగింది. ఒకసారి మోపిదేవి దాటాక ముల్లు సైతం ఎర్ర గీత వైపు కదిలింది. ఆమె వెంటనే ఇంజను ఆపి, కారును గుడివాడ దాకా లారీ మీద తెప్పించింది. అక్కడి మెకానిక్కు పనిమంతుడే కాని, ఏ సమస్యకైనా ఇంజను మార్చడమే పరిష్కారమని నమ్మేవాడు. ఆ రోజు నేనూ షెడ్డులోనే ఉన్నాను.

"మేడమ్ గారూ, నా మాట వినండి. ఈసారికి ఇంజను మీద హెడ్డు బతికింది. ఇంకోసారి ఇట్టా వేడెక్కిందంటే వంకర తిరిగిపోద్ది. అప్పుడిక ఈ ఇంజను పనైపోయినట్టే."

"మరి వేడెక్కకుండా ఏం చేయాలో అది చెప్పు."

"దీన్ని దింపేసి డీజిల్ ఇంజను ఎక్కిద్దామండీ. సరుకు షెడ్డులోనే ఉంది. ఏ నీళ్లు పోసినా కిక్కురుమనదు."

నేను ఊరుకోలేకపోయాను. "గుర్రానికి ఎద్దు గుండె పెడతానంటున్నావు."

"ఎద్దయితే దున్నుద్ది కదండీ టీచరు గారూ!" అని అతడు నవ్వాడు.

బయటకు వచ్చాక ఆమె నాతో అన్నది: "ఆ ఇంజను తీసేశాక ఆ కారు నాకెందుకు అక్కయ్యగారూ? ఆ చప్పుడు కోసమే కదా కొన్నాను." ఆమె గొంతులో అంతటి దిగులు నేను అంతకు ముందు విని ఎరుగను. ఇంకొక్కసారి వేడెక్కితే ఆ చప్పుడు శాశ్వతంగా పోతుంది.

గడ్డిపోచలు రేడియేటరు ముందు చేరి గాలిని అడ్డగిస్తున్నాయని మొదట నేను అనుమానించాను. ముందు భాగం విప్పి శుభ్రం చేయించి, రేడియేటర్లో ద్రవాన్నీ కొత్తగా నింపించాము. గుడివాడ, ఏలూరు, బందరు ఎంత తిరిగినా కారు చల్లగానే ఉన్నది. పుట్టింటికి వెళ్లివచ్చిన మర్నాడు మళ్లీ మీటరులో అంకె పెరిగింది. అప్పుడు నీళ్ల డబ్బా మూత తీసి, టార్చి వేసి చూశాము. రేడియేటర్లో ఉండేవి వట్టి నీళ్లు కావు. తుప్పును, మరగడాన్ని నివారించే ఆకుపచ్చ ద్రవం శుద్ధజలంతో సగపాళ్లలో కలిసి ఉంటుంది. ఆ పచ్చదనం పలచబడి ఉన్నది. మట్టం మాత్రం తగ్గలేదు.

ఆమె టార్చి ఆర్పి, మూత బిగించింది. "తగ్గితే ఎక్కడో కారుతోందనుకోవచ్చు అక్కయ్యగారూ. తగ్గకుండా పలచబడటమేమిటి? కారు నీళ్లను పుట్టించదు కదా."

"పుట్టించదు. ఎవరో పోశారు."

ఆమె నా ముఖం వైపు చూసింది. ఇద్దరికీ ఒకే ఊరు తోచింది. ఫోను చేసి అడగమన్నాను. "ఫోనులో అడిగితే తప్పు పట్టినట్టుంటుంది. మీరూ రండి, వెళ్దాం," అన్నది. పలచబడిన ద్రవాన్ని పూర్తిగా మార్చి, మరికొన్ని క్యానులు డిక్కీలో పెట్టుకుని ఆ వారాంతంలో బయలుదేరాము.

వెళ్లేటప్పుడు కారు చల్లగా నడిచింది. సాయంత్రం అన్నగారు గేటు దాకా ఎదురు వచ్చారు. మనిషి పొడుగు, మాట పెద్దది. రొయ్యల ఇగురు కొసరి కొసరి వడ్డించారు. కారు ప్రస్తావన మేము తేలేదు.

తెల్లవారాక నీళ్ల చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. వరండాలోకి వచ్చేసరికి ఆమె అప్పటికే అక్కడ నిలబడి ఉన్నది. కారు అద్దంలా కడిగి ఉన్నది. అన్నగారు గోనెపట్టా పరచుకుని, తల కారు ముందు భాగం కింద పెట్టి పడుకుని ఉన్నారు. రేడియేటరు అడుగు మర విప్పి ఉన్నది. నిన్నగాక మొన్న మేము పోసిన ఆకుపచ్చ ద్రవం సన్నటి ధారగా కొబ్బరిచెట్టు పాదులోకి పారుతున్నది. ఆయన పక్కన బోరు నీళ్ల బకెట్లు వరుసగా ఉన్నాయి.

"ఏంటన్నయ్యా, పొద్దున్నే?" అని ఆమె అడిగింది.

"లేచావా? ఇంకాసేపు పడుకోకూడదూ! నీ కారు నీళ్లు మారుస్తున్నా." తల బయటపెట్టకుండానే ఆయన మాట్లాడారు. "ఎప్పుడు చూసినా పాచి పట్టేసి ఉంటాయి. అంత చదువుకున్నావు, ఇంతమందికి చదువు చెప్పావు, కారులో నీళ్లు మార్చుకోవద్దూ? నా చెరువు ఇట్టా చిక్కటి పచ్చగా తిరిగితే ఒక్క రొయ్య మిగలదు!"

"ఎప్పటి నుంచి మారుస్తున్నావు?"

"నువ్వొచ్చినప్పుడల్లా. ఆడపడుచు వచ్చిన బండి మట్టికాళ్లతో, పాచినీళ్లతో తిరిగిపోతే ఊళ్లో నలుగురూ నన్నేమంటారు?"

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పుకోడానికి అదేమన్నా ఘనకార్యమా!"

నేను మెట్లు దిగాను. "మీ బోరు నీళ్లు ఉప్పన కదండీ?"

"మరీ ఉప్పు కాదు టీచరమ్మ గారూ, కాస్త ఉప్పన. మా ట్రాక్టరు ఇవే తాగుద్ది."

"ఆ ట్రాక్టరుకు రేడియేటరు ఎప్పుడైనా మార్చారా?"

"ఏడాదికోసారి మారుస్తాం. ట్రాక్టరన్నాక మార్చాలి కదండీ!"

ఉప్పునీరు అల్యూమినియాన్ని ఏ విధంగా తింటుందో, లోపల గాలి చిక్కితే నీరు ఎందుకు తిరగదో ఆయనకు సవివరంగా చెప్పడానికి నేను గొంతు సవరించుకున్నాను. ఆమె నా చేతిని మెల్లగా పట్టుకుని, తాను వెళ్లి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నది.

"అన్నయ్యా, చెరువులో మందు కలిపాక తూము ఎప్పుడెత్తుతావు?"

"మందు కలిపాకా? తూమెవడన్నా ఎత్తుతాడా? మందంతా కాలవలో పోదూ!"

"ఆ పచ్చటిదే దీని మందు."

కారు కింద ఆయన చేయి పైకి లేచి, బొటనవేలు ఆ రంధ్రానికి అడ్డంగా నిలిచింది. ధార ఆగిపోయింది.

"ముందే చెప్పొద్దటే!" అని ఆయన అరిచారు. "ఇన్నిసార్లు వదిలేశానా? ఎంత పోయింది? బతుకుద్దా ఇది?"

"బతుకుతుంది. నువ్వు ఆ వేలు తీసి మర బిగిస్తే."

"మర ఎక్కడ పెట్టానో కనపట్లా. టీచరమ్మ గారూ, మీ కాలి దగ్గర చూడండి కాస్త!"

మర నా కాలి దగ్గరే దొరికింది. ఆమె చేసిన పనిలోని గొప్పతనం నాకు అప్పుడు తెలిసింది. నేను చెప్పబోయిన పాఠంలో తప్పేమీ లేదు. కాని ఆ పాఠం పూర్తయ్యేలోగా ధార మొత్తం పారిపోయేది, ఆయన మనసూ చిన్నబోయేది. ఆమె ఒక ప్రశ్న వేసి, జవాబును ఆయన చేతనే చెప్పించింది. బోధన అంటే అదేనని నేను ఎంతోమంది కొత్త అధ్యాపకులకు ఉపదేశించాను. అంత చక్కగా జరగడం మాత్రం ఆ ఉదయం ఆ కొబ్బరిపాదు పక్కనే చూశాను.

తరువాత పని క్రమంగా సాగింది. మిగిలిన ద్రవాన్ని కూడా వదిలి, శుద్ధజలంతో లోపల కడిగి, డిక్కీలోని క్యానులతో కొత్త మిశ్రమం నింపాము. గాలి బయటకు పోవడానికి పైన ఒక చిన్న మర ఉంటుంది. దానిని వదులు చేసి, మా ప్రాంతంలో ఎవరికీ ఎన్నడూ అవసరపడని హీటరును పూర్తి వేడిలో పెట్టి, నెమ్మదిగా పోయాలి. పోసే పనిని ఆమె అన్నగారికే అప్పగించింది. మర దగ్గర బుడగలు వస్తూనే ఉన్నాయి.

"చెరువుకేమో గాలి కొట్టి చస్తాం. దీనికి గాలి పనికిరాదా?" అని ఆయన ఆశ్చర్యపడ్డారు.

"పనికిరాదు."

"మా రొయ్యలే నయం."

బుడగలు ఆగి, పచ్చటి ద్రవం ఒకే ధారగా వచ్చాక ఆయన మర బిగించారు. చెరువు నీటిని పరీక్షించే మనిషి లాగా వంగి, డబ్బాలోని రంగును రెండు కళ్లతో చూసి తల ఊపారు. మిగిలిన బోరు నీళ్లను తన చేతులతో కొబ్బరిచెట్టుకు పోశారు.

తిరుగు ప్రయాణంలో ఆమె నడిపింది, నేను మీటరు చూస్తూ కూర్చున్నాను. మునుపు వేడెక్కింది మోపిదేవి దాటాకే గనుక అక్కడ ఆమె వేగం తగ్గించింది. అంకె కదలలేదు. అసలు పరీక్ష చల్లపల్లి దాటాక ఎదురైంది. రోడ్డుకు ఎడమ పక్క ఆరబోసిన ధాన్యం, ముందు కొండంత గడ్డి కట్టిన ట్రాక్టరు. దాటడానికి దారి లేదు. కారు నడక వేగంతో దాని వెనుక సాగింది; ముందు నుంచి గాలి లేదు, పైన ఎండ. అంకె ఒక్కొక్కటిగా పెరిగింది. ఆమె చేయి ఇంజను ఆపే తాళం మీదికి వెళ్లింది.

"ఆగు," అన్నాను.

వేడి పెరిగితే నీళ్లను రేడియేటరులోకి వదిలే కవాటం లోపల తెరుచుకుని ఉంటుంది. అంకె నిలిచింది, తరువాత దిగింది. మళ్లీ తన చోటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆ ఆరు సిలిండర్ల చప్పుడులో ఏ మార్పూ లేదు. ఆమె చేయి స్టీరింగు మీదికి తిరిగి వచ్చింది. ఇద్దరం ఆ గడ్డి మోపును ఎంతో ఇష్టంగా చూస్తూ, హారను కొట్టకుండా, అది పొలం దారిలోకి మళ్లే దాకా దాని వెనుకనే వెళ్లాము.

ఆ వారంలోనే ఉప్పు తిన్న పాత రేడియేటరును తీయించి కొత్తది వేయించాము. లోపల తెల్లటి పొక్కు కట్టి ఉన్నది. హెడ్డు మాత్రం చెక్కుచెదరలేదు. మెకానిక్కు ఒప్పుకోలేక ఒప్పుకుని, తన డీజిల్ ఇంజనును కైకలూరు నుంచి వచ్చిన ఒక జీపులోకి ఎక్కించాడు.

ఇప్పటికీ ఆమె పుట్టింటికి వెళ్తే తెల్లవారేసరికి కారు అద్దంలా ఉంటుంది. మర జోలికి ఎవరూ వెళ్లరు. గుడివాడ చేరిన మర్నాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆమె మూత తీసి చూస్తుంది. ఈలోగానే ఫోను మోగుతుంది. నేను అక్కడ ఉన్న ఒక ఉదయం ఆమె స్పీకరు మీట నొక్కి అన్నగారి మాటలు నాకూ వినిపించింది.

"రంగెట్టా ఉందమ్మాయ్?"

"పచ్చగా ఉందన్నయ్యా."

"మట్టం?"

"ఎక్కడున్నది అక్కడే ఉంది."

"అయితే తూము ఎత్తమాక," అని ఆయన ఫోను పెట్టేశారు.