పళ్ళెం మోగని ఆదివారం

లండన్ శివారు హారోలో కార్పెట్ల షాపు పైన, అగ్గిపెట్టెకి తమ్ముడిలాంటి ఒక గదిలోంచి, ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం మా తెలుగు రేడియో హాస్యం ప్రపంచమంతా మోగుతోంది. ప్రపంచమంటే హారో. గాలి అనుకూలిస్తే లండన్ ఆ చివరున్న ఇల్ఫర్డ్ దాకా అని నేను చెప్పుకుంటాను గానీ, నాలుగు వీధులు దాటితే గరగర తప్ప ఏమీ రాదు.

ఆట మొదటి వారం నుంచీ ఒక్కటే. ఇచ్చిన విషయం మీద నిమిషం పాటు ఇంగ్లీషు ముక్క దొర్లకుండా మాట్లాడాలి. దొర్లిందా, ఆట నడిపే ఆంటీ గరిటెతో స్టీలు పళ్ళెం మీద ఒక్కటేస్తారు, మనం ఔట్. ఈ దేశంలో కాపురముంటున్న తెలుగువాడికి ఇది ఉరిశిక్ష. కోట్లాది మందికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టిన మేధావులు "పొద్దున్నే లేచి" అని మొదలుపెట్టి కెటిల్ దగ్గర కూలిపోయారు. ఒకాయన ఫ్రిజ్‌ని 'వంటింటి హిమాలయం' అని గట్టెక్కాడు.

గదిలో ప్రేక్షకులకి చోటు లేదు. అందుకని నవ్వడానికి ఒకే మనిషి, ఆంటీ భర్త, రిటైరైన ఫ్యామిలీ డాక్టర్ అంకుల్. తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఆయన నవ్వితే కింద షాపులో చుట్టిపెట్టిన కార్పెట్లు వాటంతటవే విచ్చుకునేవి. ఒకసారి సూపర్‌మార్కెట్లో ఆయన నవ్వితే బెండకాయలు ఏరుకుంటున్న ఒకావిడ, "రేడియో అంకుల్ మీరేనా?" అని పరుగెత్తుకొచ్చిందట. నన్ను అలా ఎవరూ గుర్తుపట్టలేదు.

పోయిన చలికాలం ఆ నవ్వు కాస్త ఆలస్యంగా రావడం మొదలైంది. మెట్ల మీద ఆపి అడిగాను.

"చెవులు పోయాయోయ్," అన్నారు. "సగం హారో చెవులు కడిగాను, నావి కాపాడుకోలేకపోయాను. చెవి మిషను పెట్టుకుంటే కమ్మరి కొలిమిలో కూర్చున్నట్టు ఒకటే మోత. ఎవరికీ చెప్పకు."

"మరి ఆంటీకి?" అన్నాను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి.

"పెళ్ళాం దగ్గర చెవుడు దాగుతుందటోయ్! మిగతావాళ్ళకి తెలిస్తే జాలిపడి ఇంట్లో కూర్చోబెడతారు. నాకున్నది ఈ ఆదివారం ఒక్కటే."

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం. ఎవరి జోకు పేలినా నేను కళ్ళద్దాలు పైకెత్తాలి, ఆయన నవ్వాలి. నా అద్దాల మరలు ఊడిపోయాయి గానీ నవ్వు మాత్రం మళ్ళీ వేళకి రావడం మొదలైంది.

ఈమధ్య ఒక ఆదివారం నాకు వచ్చిన విషయం 'చెవులు'. నా పక్కన కూర్చుని ఆడే ఇద్దరూ అప్పటికే దంచేశారు. నేను వెనకబడ్డాను. వెనకబడితే నా నోరు నా మాట వినదు.

"మా నవ్వుల పెద్దాయన చెవులు ఎప్పుడో సెలవు మీద వెళ్ళిపోయాయి," అన్నాను మైకులో. "నేను హాస్యం చెప్పినా, వంకాయల ధర చెప్పినా ఆయనది ఒకటే నవ్వు. చెవిలో పెట్టుకునే యంత్రమేమో బ్యాటరీతో సహా బీరువాలో నిద్రపోతోంది."

అని, అలవాటుగా కళ్ళద్దాలు ఎత్తాను.

ఆయన నవ్వారు. అంతకు ముందెప్పుడూ అంత నవ్వలేదు, ఈ ఒక్క సంగతి పెంచి చెప్పడం లేదు. పక్కవాళ్ళిద్దరూ బల్ల వైపు చూశారు. ఆంటీ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. నేను బ్యాటరీ అన్నాను, పళ్ళెం మోగలేదు.

కార్యక్రమం అయ్యాక అంకుల్ నా భుజం తట్టారు. "బాగా పేలినట్టుందే! ఏమిటోయ్ అది?" నేను నోటినిండా బిస్కెట్లు కుక్కుకున్నాను. ఆంటీ కోటు గుండీలు పెట్టుకుంటూ, "బ్యాటరీ అన్నావు బాబూ, కొట్టడం మర్చిపోయాను," అన్నారు. నా వైపు చూడలేదు. కారులో ఆయనకి చెప్పేసి ఉంటారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో అందరూ ఆయనతో అరిచి మాట్లాడుతున్నారట.

ఇక రారనుకున్నాను. మరుసటి వారం నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. కాకపోతే కుర్చీ తిప్పేసుకున్నారు. నాకు వీపు, ఆంటీకి మొహం. నేను కళ్ళద్దాలు ఎత్తాను, దించాను, తుడిచాను. నవ్వు రాలేదు. ఆ కంగారులో నోట్లోంచి "బస్సు" అని జారింది. ఆంటీ గరిటె లేచింది. అది కనిపించగానే అంకుల్ నవ్వు కార్పెట్ల షాపుని కుదిపేసింది.

మెట్ల మీద వెంటపడ్డాను. "అంకుల్, ఆ రోజు నేను..."

"వినపడదోయ్," అని దిగిపోయారు.

రేపు ఆదివారం నా విషయం 'వాన'. గొడుగు అనాలని నాకు బాగానే తెలుసు. అంబ్రెల్లా అంటాను.