ఎవరో పట్టిపెట్టిన చోటు

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. చక్కగా పనిచేస్తున్న ఒక మిషనును నేను బాగుచేశాను. చెడిపోయినవాటిని బాగుచేయడం నా వృత్తి, బాగున్నవాటిని బాగుచేయడం నా జబ్బు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ జబ్బు వల్ల వచ్చిందే.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు కార్వేటినగరంలో మా అత్త వాళ్లింటికి పోతే, పాత కోట గోడల వెనక గజ్జెల చప్పుడు వినబడుతుందని పిల్లలందరూ వణికేవాళ్లు. ఒకరోజు పగటిపూట పోయి చూశాను. మెడలో గంటలు కట్టుకున్న మేకలు గోడ మీది తీగ మేస్తున్నాయి. అప్పటినుంచి ఎవరు ఏ వింత చెప్పినా, ఇందులో మేక ఎక్కడుందా అని వెతకడం అలవాటైంది. ఈ విషయంలోనూ వెతికాను. ఈసారి మేక దొరకలేదు.

నేనూ ఖాదర్ బాషా కలిసి తిరుచానూరు రోడ్డులో ఒక పూలకొట్టు మీది గదిలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాం. ఖాదర్ నాతో ఒకే బెంచీలో చదువుకున్నవాడు. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవారు, కాబట్టి వీడు సాంబ్రాణి పొగ కంటే సోల్డరింగు పొగ ఎక్కువ పీల్చి పెరిగాడు. పల్లెల్లో పాల కేంద్రాలకు మిషన్లు చేసిస్తాం. పాలు పోస్తే వెన్న ఎంతుందో కొలిచి తెర మీద చూపిస్తుంది. దాన్ని బట్టి రైతుకు ధర కడతారు. బోర్డు ఖాదర్‌ది, అందులో నడిచే సాఫ్ట్‌వేర్ నాది. మిషను ఆగితే తప్పు ఎదుటివాడిది.

ఆ మిషను లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటరే. దాన్ని నడిపించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. అది మేలుకునే మొదటి క్షణాల్లో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. లేకపోతే నేను దేనికి బెదిరానో మీకు అర్థం కాదు.

కంప్యూటర్‌లో ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో చూసుకోవడానికి కెర్నెల్‌లో ఒక పెద్ద ఏర్పాటు ఉంది. చిక్కేమిటంటే ఆ ఏర్పాటు నిలబడటానికి కూడా మెమరీ కావాలి. అది నిలబడేదాకా ఇంకో చిన్న ఏర్పాటుతో నెట్టుకొస్తారు. తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం కదా, ఇదీ అంతే. కండక్టర్ ఇంకా ఎక్కలేదు, టికెట్టూ లేదు, కానీ తువ్వాలు పడిందంటే ఆ సీటు ఎవరిదో అయిపోయినట్టే. కెర్నెల్ తన కోసం ఒకటి వేసుకుంటుంది, తెర కోసం ఒకటి వేస్తుంది. తర్వాత కండక్టర్ ఎక్కి, తువ్వాలు లేని సీట్లన్నీ అడిగినవాళ్లకు ఇస్తాడు. తువ్వాలు ఉన్న సీటును ఆ బస్సు దిగేదాకా ఎవరూ ముట్టరు.

ఏ తువ్వాలు ఎవరిదో అడిగితే కెర్నెల్ చెబుతుంది. బూటయ్యేటప్పుడు, అంటే మేలుకునేటప్పుడు, వరుసగా రాసి చూపిస్తుంది.

వడమాలపేట దగ్గర ఒక పల్లెలో పాల కేంద్రం నడిపే రాజమ్మక్క మిషను చూడటానికి ఒకసారి వెళ్లాను. చెడిపోయి కాదు, ఏడాదికోసారి చూసి రావడం మా పద్ధతి. ల్యాప్‌టాప్ తగిలించి మిషనును ఒకసారి ఆపి మళ్లీ వేశాను. తెర మీద వరుసలు పారుతున్నాయి. వాటి మధ్యలో ఒక చిన్న మెమరీ ముక్కను ఎవరో పట్టిపెట్టినట్టు కనబడింది. మిగిలిన అన్నింటి పక్కనా పట్టినవాడి పేరుంది. దీని పక్కన ఏమీ లేదు.

నేను రాసిన కోడ్ అంతా వెతికాను, అందులో లేదు. కెర్నెల్ కంటే ముందు లేచే బూట్‌లోడర్ పట్టిందేమో అనుకున్నాను, అదీ కాదు. మొదట్లోనే మెమరీని పరీక్షించి చెడిన చోట్లను పక్కన పెట్టే సదుపాయం కెర్నెల్‌లో ఒకటుంది. అదేనేమో అని ఆశపడ్డాను. మా మిషన్లలో దాన్ని అసలు పెట్టనేలేదు. రాజమ్మక్క మిషనులో మా సాఫ్ట్‌వేర్ ఉండే కార్డు తీసి వేరే బోర్డులో వేసి చూశాను. ఆ వరుస రాలేదు. రాజమ్మక్క బోర్డులో కొత్త కార్డు వేశాను. వచ్చింది. అంటే కార్డుది కాదు, ఆ బోర్డుదే ఏదో. కానీ బోర్డు తనంతట తాను తువ్వాలు వేయలేదు. వేయమని ఎవరో చెప్పాలి.

ఖాదర్‌కు చెప్తే సోల్డరింగు ఇనుము పక్కన పెట్టి మరీ నవ్వాడు.

“మెమరీలో దయ్యం ఉండాదా, నీ మతిలో ఉండాదా? ముందు అది సూడ్రా మురళీ.”

“నువ్వు చేసిన బోర్డే కదరా.”

“నేను బోర్డులే చేస్తా. దయ్యాలు చెయ్యను. చేసుంటే మీ ఇంటికి ఒకటి పంపించుండేవాణ్ణి.”

అక్కడితో వదిలేస్తే సరిపోయేది. మిషను బాగానే నడుస్తోంది. ఆ ముక్క ఎంతో పెద్దది కూడా కాదు. కానీ ఖాళీ సీటు మీద ఊరూ పేరూ లేని తువ్వాలు చూస్తూ నిలబడి ప్రయాణం చేసే రకం కాదు నేను. కండక్టర్ ఎక్కే ముందు దాన్ని లాగి పారేసేలా రెండు లైన్లు రాసి, రాజమ్మక్క మిషనులో పెట్టి వచ్చాను. చేసిన పనికి నాకు నేనే ఒక టీ తాగించుకున్నాను.

వానలు పోయాయి, చలి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎండలు ముదిరాక రాజమ్మక్క ఫోన్ చేసింది.

“నాయనా, నువ్వు ఒకసారి రావల్ల. ఈ మిషను నా మానం తీస్తా ఉండాది.”

వెళ్లేసరికి కేంద్రం ముందు క్యాన్లతో జనం నిలబడున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. కొన్నాళ్లుగా అప్పుడప్పుడూ, చిక్కటి గేదె పాలు పోసినా వెన్న ఏమీ లేనట్టు చూపిస్తోందట. అందరికీ కాదు, ఎప్పుడూ కాదు. అట్లా పడినవాళ్లకు అనుమానం రాదా? వెన్న తక్కువ చూపించి ఆ తేడా డబ్బు రాజమ్మ దాచుకుంటోందని ఊళ్లో గుసగుస మొదలైంది. డెయిరీ నుంచి వచ్చిన సూపర్‌వైజర్, ఇంకా ఫిర్యాదులు వస్తే ఈ కేంద్రం మూసి పక్క ఊరిలో కలిపేస్తామని చెప్పి పోయాడట.

చెంగల్రాయుడనే ఆయన తన క్యాను నా ముందు దించాడు.

“సార్, నా ఎనుము పాలిస్తా ఉండాదా, నీళ్లిస్తా ఉండాదా? మీ మిషనునే అడిగి చెప్పండి. నేనడిగితే అది పొద్దునొకటి, సాయంత్రమొకటి చెప్తా ఉండాది.”

రాజమ్మక్క ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసి నెమ్మదిగా అంది. “పద్దెనిమిదేండ్ల పిల్లగా ఈ ఊరికి కాపురానికొచ్చినా. నా చెయ్యి తేడా అని ఒకరూ అనలేదు. ఇప్పుడు మొకం మీద అనరు, వెనకాల అంటారు. ఈ కేంద్రం పోతే పోనీ సామీ, ఆ మాట పోవల్ల.”

అదే పాలు రెండుసార్లు కొలిచాను. రెండు రకాలుగా వచ్చింది. ఖాదర్‌ను పిలిపించాను. కొలిచే భాగం విప్పి కడిగాడు, తర్వాత కొత్తది వేశాడు. మార్పు లేదు. నేను లెక్కలు కట్టే ప్రోగ్రామును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివాను. తప్పేమీ దొరకలేదు. ఇక చేయడానికి ఒక్కటే మిగిలింది. అది చేయాలంటే సిగ్గుగా ఉంది, ఎందుకంటే దానికి కారణం చెప్పలేను.

నేను రాసిన ఆ రెండు లైన్లు తీసేశాను. మిషను ఆపి మళ్లీ వేశాను. వరుసలు పారాయి. మధ్యలో అదే చోట, పేరు లేకుండా, ఆ ముక్కను మళ్లీ ఎవరో పట్టిపెట్టారు.

చెంగల్రాయుడి పాలు పోశాం. తెర మీద మంచి అంకె పడింది. అవే పాలు మళ్లీ పోశాం, అదే అంకె. రాజమ్మక్క ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు. ఒక్కొక్కరి పాలూ అందరి ముందూ ఇంకోసారి, ఆ పైన ఇంకోసారి కొలిపించింది. ఆ పూట మిషనుకు నడుం పడిపోయి ఉంటుంది. చివరికి చెంగల్రాయుడు క్యాను మూత బిగిస్తూ, “ఏందక్కా, చిన్న మాటన్నాననుకో, మనసులో పెట్టుకోవద్దులే,” అన్నాడు.

“పెట్టుకుంటా,” అంది రాజమ్మక్క. “రేపు కూడా నీ పాలు అందరికంటే ఆఖర్న పోయించుకుంటా.” అంటూనే నవ్వింది. అందరూ నవ్వారు.

తర్వాత కొన్నాళ్లు అక్కడ వేరే బోర్డు పెట్టి, ఆ బోర్డును వర్క్‌షాపుకు తెచ్చాం. ఖాదర్ దాని మెమరీ మొత్తాన్ని పరీక్షకు పెట్టాడు. చెడిన చోటు దొరికింది. వేడెక్కితే అందులో పెట్టింది పెట్టినట్టు ఉండటం లేదు. లెక్క ఎప్పుడు అక్కడ పడితే అప్పుడు తప్పు అంకె వచ్చేది. దాని హద్దులు చూశాం. పేరు లేనివాడు పట్టిపెట్టిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, సరిగ్గా అక్కడే మొదలై అక్కడే ఆగింది.

“మొదట్నుంచీ చెడ్డదే ఉంటుందిరా,” అన్నాను.

ఖాదర్ ఎగతాళి చేయకుండా పరీక్ష ఇంకోసారి పెట్టాడు. మా స్నేహంలో అదొక వింత. “పంపించే ముందు ఇదే పరీక్ష నేనే చేసినా. అంతా మంచిగా ఉండె. ఒక్క చోటు కూడా పోలా,” అన్నాడు.

చిప్పు చెడిపోవడంలో వింత లేదు. ఎండల్లో చెడతాయి. చెడిపోకముందే, చెడబోయే సీటు మీద మాత్రమే ఎవరు తువ్వాలు వేశారు? తెలిసినవాళ్లను అడిగాను. చిప్పు ఎందుకు చెడిందో అందరూ బాగా చెప్పారు. మిగిలింది అడిగితే టీ చెప్పారు.

ఆ బోర్డు పారేద్దామన్నాడు ఖాదర్. రాజమ్మక్క ఒప్పుకోలేదు. “అది నాకేం చెడ్డ చేసింది? నువ్వు దాన్ని కెలికినాకే కదా అబ్బా చెడింది. నాది నాకు తెచ్చియ్యి,” అంది. తెచ్చిచ్చాం. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఒక్క అంకె కూడా తప్పు చూపలేదు.

ఖాదర్‌కు ఎగతాళి మళ్లీ వచ్చాక మాత్రం నాకు నెమ్మది లేకుండా పోయింది. కింద పూలకొట్టు అక్కకు కథంతా చెప్పి, రోజూ ఒక మూర కనకాంబరాలు నా ల్యాప్‌టాప్ మీద పెట్టించేవాడు. “నీ దయ్యానికిరా. ఉత్తచేతులతో ఎట్ల పంపిస్తాం?” అనేవాడు. వచ్చిన ప్రతి కస్టమర్‌కూ నన్ను చూపించి, “మా సాఫ్ట్‌వేర్ ఈయనది. ఈయన సాఫ్ట్‌వేర్ ఇంకెవరిదో,” అనేవాడు.

ఊరుకున్నాను. అయితే రేపు ఇంకెవరో నాలాంటివాడు వచ్చి, పేరు లేదని ఆ చోటును మళ్లీ లాగేస్తే కష్టం కదా. అందుకని కెర్నెల్ మొదట్లోనే ఆ చోటును నేను కూడా సవ్యంగా, పేరు పెట్టి పట్టిపెట్టాను. నేను ఎంత ముందుకు జరిపి రాసినా నా వరుస కంటే పైన ఆ పేరులేని వరుస వస్తూనే ఉంది. అది ఎవరిదో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలియకపోయినా ఇప్పుడు భయం లేదు. మనకంటే ముందే లేచి పనిలో దిగినవాళ్లను చూసి భయపడటం ఏం బాగుంటుంది?

నా వరుసకు పెట్టాల్సిన పేరు గురించి మాత్రం బాగా ఆలోచించాను. ఖాదర్ బాషా అని పెట్టాను. రాజమ్మక్క మిషనులో బూటయ్యే వరుసలు తెర మీద పెద్దగా కనబడేలా కూడా చేశాను. ఆ పేరెవరిదని ఊళ్లోవాళ్లు అడిగితే, మిషనును కాపాడే దయ్యానిదని చెప్పి వచ్చాను. ఆ ఊళ్లో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో చెప్పనక్కర్లేదు.

మొన్న ఖాదర్ ఒక్కడే అక్కడికి సర్వీసుకు వెళ్లాడు. వాడు లోపల అడుగు పెడుతుండగా కరెంటు వచ్చిందట. తెర వైపు చూసి చెంగల్రాయుడు బయటికి కేక వేశాడు. “దయ్యమొచ్చినాది. క్యాన్లు దించండప్పా.”

రాజమ్మక్క వాడికి కుర్చీ వేసి, అంతకుముందు ఎన్నడూ అడగని పేరు అడిగిందట.